టోపీకి గంజి పెట్టిన పాపం

కువైట్ యుద్ధంలో నేను కూడా పాల్గొన్నాను. నా ఆయుధం ఇస్త్రీపెట్టె. నవ్వకండి, గాయం కూడా అయింది. ఎడమ మోచేతి మీద మచ్చ ఏమిటని పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే క్షిపణి ముక్క తగిలిందని చెబుతాను. మా ఆవిడ పక్కనుంటే మాత్రం స్టీమ్ ప్రెస్ కాల్చిందని ఒప్పుకుంటాను.

ఇప్పుడు గల్ఫ్‌కు పోతున్న పిల్లలు నన్ను సలహా అడుగుతుంటారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే కఫీల్ మంచివాడో కాదో ఎట్లా తెలుస్తుంది, అక్కడ ఉండడానికిచ్చే ఇకామా కార్డు చేతికి రాకపోతే ఏం చెయ్యాలి అని. వాటికి నా దగ్గర జవాబుల్లేవు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. మనకు బాగా వచ్చిన పని దగ్గరే మనం పెద్ద తప్పు చేస్తాం. రాని పనయితే ఎవరినో ఒకరిని అడుగుతాం కదా. వచ్చిన పనికి అడగడం నామోషీ.

నాకు బాగా వచ్చిన పని గంజి పెట్టడం. మాది కడప జిల్లా. మా ఇంట్లో మూడు తరాలుగా బట్టలుతికే వృత్తే. అల్ ఖోబర్‌లో అల్ అజీజియా వైపు ఒక లాండ్రీలో చేరినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. సౌదీ మగవాళ్ళు తలకు వేసుకునే గుడ్డ, గుత్రా అంటారు, నుదుటి మీద మడత పడి కొయ్యలాగా నిలబడాలి. అట్లా నిలబెట్టడంలో మా లాండ్రీకి పేరుంది. ఆ పేరు సగం నాది. మిగతా సగం మా సూపర్వైజర్ సాబ్ తనదని చెప్పుకునేవాడు.

సూపర్వైజర్ సాబ్ హైదరాబాద్ మనిషి. మీసం లేని మొహంలో కూడా మీసం మెలేస్తున్నట్టుండేవాడు. ఆయన గోడ మీద ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ ఒక నియమం రాసి పెట్టాడు. గిరాకీ బట్ట పాడుచేసినవాడికి మొదటి తప్పుకే ఎగ్జిట్, అంటే పాస్‌పోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కించడం. నా కళ్ళ ముందే ఒక బంగ్లాదేశ్ మనిషిని, ఒక్క థోబ్, అంటే అరబ్బుల పొడుగు చొక్కా, కాల్చినందుకు నిజంగానే పంపేశారు. నేను చేరి నాలుగు నెలలు కాలేదు. తిరిగి ఊరికి పోయి ఏం మొహం చూపించాలి అనే భయం నాకు అన్నం ముందు కూడా ఉండేది.

మా లాండ్రీలో ఇంకో ముఖ్యమైన మనిషి దర్జీ మామ. రాయచోటి ముస్లిం, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. గుండీలు కుట్టడం, చిరుగులకు రఫూ చెయ్యడం ఆయన పని. ఆయన రఫూ చేస్తే చిరుగు ఎక్కడుందో కట్టుకున్నవాడికి కూడా దొరకదు. చిల్లు కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు.

యుద్ధం మొదలు కాకముందే ఊరి బయట సైన్యాలు దిగాయి. మాకు దగ్గర్లో ఒక బ్రిటిష్ పటాలం గుడారాలు వేసింది. వాళ్ళ బట్టల కాంట్రాక్టు మాకొచ్చింది. ఆ పటాలంలో ఒక్కడు మాత్రం బ్రిటిష్ వాడు కాదు, ఆస్ట్రేలియా కుర్రాడు. రెండు దేశాల సైన్యాలు మనుషుల్ని మార్చుకుంటాయట, అట్లా వచ్చాడు. వయసు ఇరవై. ముక్కు మీద చర్మం ఎప్పుడూ పొరలు పొరలుగా ఊడుతుండేది. మొదటి రోజే కౌంటరు మీదికెక్కి కూర్చుని మా టీ గ్లాసు లాక్కుని తాగాడు. సూపర్వైజర్ సాబ్‌తో సహా అందరినీ ‘మేట్’ అనేవాడు. నాకు మా తమ్ముడు గుర్తొచ్చేవాడు. వాడికీ అదే వయసు, అదే ఆకతాయితనం.

అప్పటికే వాడి పేరు మీద పటాలంలో రెండు తప్పులు రాసుకున్నారు. ఒకటి, నీళ్ళ ట్యాంకరు మీద ఆకుపచ్చ రంగుతో కంగారూ బొమ్మ వేశాడు. రెండు, ఎవరో ఎడారిలో తిరిగే బెదూయిన్ ముసలాయన దగ్గర ఒంటెను అడిగి తీసుకుని దాని మీద కవాతుకు వచ్చాడు. ఆ సంగతి చెబుతూ వాడు ఎంత నవ్వాడంటే, దర్జీ మామ సూది పక్కన పెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు.

ఒక రోజు పొద్దున బట్టలతో పాటు ఒక టోపీ తెచ్చాడు. ‘దుమ్ము దులిపి బాగా చెయ్యండి, ఎల్లుండి కావాలి’ అన్నట్టు సైగలు చేసి పోయాడు. ఉన్నితో చేసిన మెత్తటి టోపీ, వెడల్పాటి అంచు. అంచు ఒక పక్క చక్కగా ఉంది. రెండో పక్క పైకి మడత పడిపోయి ఉంది. మడత జారకుండా ఒక కొక్కెం, దాని మీద ఒక బిళ్ళ.

నేను జాలిపడ్డాను. మంచి టోపీ, సంచిలో అడుక్కు పడి ఒక పక్క పాడైపోయినట్టుంది, దాన్ని దాచుకోవడానికి పిల్లవాడు బిళ్ళ పెట్టుకున్నాడు అనుకున్నాను. వాడి మీదున్న అభిమానమంతా చేతుల్లోకి వచ్చింది. బిళ్ళ, కొక్కెం తీసి జాగ్రత్తగా కవరులో పెట్టాను. అంచంతా గంజిలో ముంచాను, గుత్రాలకు పెట్టే చిక్కటి గంజి. తడిగుడ్డ వేసి, ఇస్త్రీ చేసి, బరువులు పెట్టాను. కొక్కెం తీసిన చోట చిల్లుంటే దర్జీ మామకు ఇచ్చాను. ఆయన అద్దాలు తుడుచుకుని గంటసేపు రఫూ చేశాడు.

సాయంత్రానికి ఆ టోపీ అంచు పళ్ళెంలా తయారైంది. తడితే టక్కున మోగింది. మామా నేనూ దాన్ని తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయాం.

మర్నాడు మధ్యాహ్నం కుర్రాడు వచ్చాడు. టోపీ కౌంటరు మీద పెట్టి మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. వాడు దాన్ని చూశాడు. నన్ను చూశాడు. అంచును పైకి మడవబోయాడు. అది వంగలేదు, వేలు తీయగానే టప్పున కిందికి పడింది. వాడి మొహంలో రక్తం లేదు. ఊడిపోతున్న ముక్కు కూడా తెల్లబడింది.

జేబులోంచి ఒక ఫొటో తీశాడు. అందులో వాళ్ళ దేశం సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. అందరి టోపీలకూ ఒకే పక్క అంచు పైకి మడిచి ఉంది.

“అబ్బీ,” అన్నాడు దర్జీ మామ నెమ్మదిగా. “వీళ్ళ దేశంలో అందరి టోపీలూ ఒకే పక్క పాడైపోతాయా?”

“కాదు మామా. మనమే పాడు చేసినాం.”

వచ్చీరాని ఇంగ్లీషులో, హిందీలో, సైగల్లో వాడు చెప్పింది ఇది. రేపు పది గంటలకు వాళ్ళ దేశం పెద్ద ఆఫీసరు పటాలాన్ని చూడడానికి వస్తున్నాడు. ఆ వరసలో వాళ్ళ దేశం టోపీ పెట్టుకునేది వీడొక్కడే. అది లేకుండా, లేదా అట్లా పళ్ళెంలా పెట్టుకుని నిలబడితే మళ్ళీ వెక్కిరించాడనుకుంటారు. మూడో తప్పు. మూడో తప్పుకు ఇంటికి పంపేస్తారు. పటాలం వచ్చే వారం సరిహద్దుకు పోతోంది.

అప్పుడు నాకొక దొంగ ఆలోచన వచ్చింది. ఇంటికి పంపేస్తే మంచిదే కదా? ప్రపంచంలో యుద్ధం తప్పించుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి ఉందా? చెయ్యి విరగక్కర్లేదు, జ్వరం నటించక్కర్లేదు. నా గంజి చాలు. వీడు ఫిర్యాదు చేస్తే నాకు ఎగ్జిట్, వీడికీ ఎగ్జిట్, ఇద్దరం ఎవరి అమ్మ దగ్గరికి వాళ్ళం పోతాం. అదే వాడితో అన్నాను కూడా. హోమ్, మదర్, గుడ్ అన్నాను.

వాడు కౌంటరు మీదికి వంగాడు. తమ బండిలో నలుగురు పోతారని వేళ్ళతో లెక్కపెట్టి చూపించాడు. ఒక వేలు ముడిచాడు, అది తను. తర్వాత దాని చోట నా వేలు పట్టుకుని పెట్టాడు. తను పోకపోతే ఆ సీటులో ఇంకొకడు కూర్చుంటాడు. అంతే చెప్పాడు. గొప్ప మాటలేమీ అనలేదు.

నాకు సిగ్గేసింది. పొరుగువాడి వేలు మడిచి మన పిల్లవాణ్ణి కాపాడుకుందామనుకున్న మనిషిని నేనేనా అనిపించింది. ఫిర్యాదు చెయ్యనని కూడా వాడే అన్నాడు, నేను అడగకుండానే. ఫొటో మా దగ్గర వదిలి డ్యూటీకి పోయాడు.

గంజి వదలాలంటే వేడి ఆవిరి కావాలి. స్టీమ్ ప్రెస్ సూపర్వైజర్ సాబ్ కుర్చీ ఎదురుగానే ఉంది. కాబట్టి లాండ్రీ వెనక మేము వంట చేసుకునే గదిలో పని మొదలుపెట్టాం. బిర్యానీ వండే పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, పైన చిల్లుల పళ్ళెం పెట్టి, దాని మీద టోపీ పెట్టి, తువాలు కప్పాం. మామ గిన్నె చుట్టూ మైదా పిండి కూడా అద్దాడు, ఆవిరి పోకుండా.

సరిగ్గా అప్పుడే సూపర్వైజర్ సాబ్ తలుపు తోశాడు.

“ఏం జేస్తున్నర్ర ఈడ? ముందట గిరాకీ నిలబడ్డది.”

“బిర్యానీ సాబ్,” అన్నాడు మామ. అబద్ధం ఆయన నోట్లోంచి రఫూలాగా కుట్టు కనిపించకుండా వచ్చింది.

“ఇయాల ఏం పండుగ? మూత తియ్యి, సూద్దాం.”

“దమ్ మీద ఉండాది సాబ్. ఇప్పుడు తీస్తే అంతా పాడైపోతాది.”

హైదరాబాద్ మనిషి దేనికైనా అడ్డు చెబుతాడు గానీ దమ్‌కు చెప్పడు. ఆయన గౌరవంగా రెండడుగులు వెనక్కి వేశాడు. “మంచిది. నాకో ప్లేటు పెట్టున్రి,” అని పోయాడు.

చిక్కొచ్చి పడింది. ఇప్పుడు నిజంగా బిర్యానీ వండాలి. ఉన్నది ఒకటే గిన్నె. టోపీ మెత్తబడగానే తీసి, నాలుగు నీళ్ళలో జాడించి, బోర్లించిన చిన్న గిన్నెకు తొడిగి ఆ వంటగదిలోనే గూట్లో ఆరబెట్టాను. మామ మాంసం కోసం పరిగెత్తాడు. సాయంత్రం నమాజు వేళకు సూపర్వైజర్ సాబ్ ప్లేటు ముందు కూర్చుని, “ఉప్పు జర తక్కువైంది,” అన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆయన తింటుండగానే మామ పాత చిల్లు విప్పడానికి తన రఫూ కోసం వెతికితే అది మామకే దొరకలేదు. మామ కళ్ళలో నీళ్ళు నేను చూశాను. అంత మంచి పని చేసిన టోపీకి ఇంకో చిల్లు వెయ్యడం ఎవరికైనా కష్టమే. ఆరిన టోపీని తన తల మీద పెట్టుకుని, ఫొటో ముందు పెట్టుకుని, ఫొటోలో కుడి చేతి వైపు మడిచి ఉంది కదా అని తన కుడి పక్క అంచు పైకి మడిచి, కొత్త చిల్లు వేసి, కొక్కెం బిగించి, బిళ్ళ పెట్టాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఫొటోలో మనకు ఎదురుగా నిలబడ్డవాడి ఎడమ పక్క మనకు కుడి పక్కన కనిపిస్తుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున తొమ్మిదిన్నరకు కుర్రాడు వచ్చి టోపీ పెట్టుకున్నాడు. అద్దంలో చూసుకున్నాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

ఎడమ పక్క ఉండాల్సిన మడత కుడి పక్కకు వచ్చింది. విప్పి కుట్టడానికి టైము లేదు. బయట వాళ్ళ బండి హారన్ కొడుతోంది. మామ గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. నేను ఏం ఆలోచించానో నాకే తెలియదు, వాడి తల మీది టోపీని రెండు చేతులతో పట్టుకుని గిరుక్కున వెనక్కి తిప్పాను. ముందు భాగం వెనక్కి పోయింది, మడత ఎడమ పక్కకు వచ్చింది. ముందు ఉండాల్సిన సొట్టలు వెనకున్నాయి. వాటిని లోపలి నుంచి గుద్ది, ముందు వైపు కొత్త సొట్టలు నొక్కాను. గడ్డం కింది పట్టీ బకిలు మాత్రం అవతలి చెంపకు పోయింది. దానికి మందు లేదు.

ఆ రోజు పటాలానికి దుప్పట్లు చేరవెయ్యాల్సిన వంతు నాది కాదు. అయినా నేనే వ్యానెక్కాను. దుప్పట్ల మూటల వెనక నుంచి చూశాను. వరసలో మావాడు నిటారుగా నిలబడి ఉన్నాడు. పెద్ద ఆఫీసరు ఒక్కొక్కర్నీ చూస్తూ వచ్చి మావాడి ముందు ఆగాడు. ఆగి, బకిలు వైపు చూశాడు. వెనక్కి వెళ్ళి టోపీ వెనక భాగం చూశాడు. మళ్ళీ ముందుకొచ్చి కొంచెం వంగి వాసన చూశాడు. ఏదో అడిగాడు. మావాడు ఏదో చెప్పాడు. ఆఫీసరు మూతి బిగించుకుని చాలాసేపు ఆకాశం వైపు చూసి, పక్కవాడి దగ్గరికి పోయాడు. నేను అప్పుడు దుప్పట్లు దించడం మొదలుపెట్టాను.

ఏం జరిగిందో వాడు మధ్యాహ్నం వచ్చి అభినయించి చూపించాడు. ‘నీ టోపీ మాంసం కూర వాసన ఎందుకొస్తోంది?’ అని ఆఫీసరు అడిగాడట. ‘లాండ్రీ వాళ్ళు మమ్మల్ని బాగా చూసుకుంటున్నారు సార్’ అని వీడు చెప్పాడట. మూడో తప్పు ఎవరూ రాసుకోలేదు. వాడు మామను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఒక సంచీడు మురికి బట్టలు కౌంటరు మీద పడేసి, వచ్చి తీసుకుంటానని చెప్పి పోయాడు. రెండు చొక్కాలు, రెండు ప్యాంట్లు, బనియన్లు.

వారంలో పటాలం కదిలింది. బండ్లు వరసగా మా రోడ్డు మీదే పోయాయి. అప్పటిదాకా నవ్విన నాకు, చివరి బండి పోయి దుమ్ము అణిగాక అర్థమైంది. వాణ్ణి అక్కడికి పంపింది నేను. టోపీ పళ్ళెంలా వదిలేసి ఉంటే ఈపాటికి వాళ్ళమ్మ దగ్గర ఉండేవాడు.

ఇక్కడ మా లాండ్రీ పద్ధతి ఒకటి చెప్పాలి. బట్టలు సిద్ధమైన రోజున మూటకు తేదీ వేసిన స్లిప్పు కడతాం. వారంలోగా ఎవరూ తీసుకోకపోతే ఆ మూట పటాలం స్టోరుకు పంపాలి. మనిషి వచ్చేటట్టు లేకపోతే స్టోరు వాళ్ళు అతని సామాన్లన్నిటితో కలిపి ఇంటి చిరునామాకు పంపేస్తారు.

వారం గడిచింది. మావాడి మూట అలాగే ఉంది. స్టోరుకు పంపాల్సిన మూటలు ఏరుతూ దాని మీద చెయ్యి వేశాను. నా చెయ్యి లేవలేదు. మూట విప్పి, ఉతికిన బట్టలే మళ్ళీ మిషన్లో వేశాను. ఉతికి, ఆరబెట్టి, కొత్త తేదీతో కొత్త స్లిప్పు కట్టాను. ఇంకో వారం దొరికింది.

మళ్ళీ వారం, మళ్ళీ ఉతికాను. సైరన్లు మోగేవి, మేము బల్లల కిందికి దూరేవాళ్ళం, సైరన్ ఆగాక లేచి గుత్రాలకు గంజి పెట్టేవాళ్ళం. రేడియోలో ఏ దేశం వాళ్ళు ఎంతమంది అని చెబుతుంటే మామ దాని గొంతు నొక్కేసేవాడు. ఆయన వాడి కోసం నమాజులో అడిగేవాడు. నాకు తెలిసిన ప్రార్థన ఉతకడమే. ఆ చొక్కాలకు గంజి మాత్రం పెట్టలేదు, ఒట్టు.

అయిదోసారి ఉతుకుతుండగా సూపర్వైజర్ సాబ్ నా వెనకొచ్చి నిలబడ్డాడు. చేతిలో పాత స్లిప్పులు నాలుగు ఉన్నాయి.

“ఏందిర ఇది? ఒక్కటే మూట మల్ల మల్ల ఉతుకుతున్నవ్?”

ఎగ్జిట్ ముద్ర నా కళ్ళ ముందే పడింది. “మరక పోలేదు సాబ్,” అన్నాను.

ఆయన చొక్కా తీసి వెలుగుకు పెట్టి చూశాడు. అందులో మరక కాదు, రంగే సరిగ్గా లేదు. కాలరు తిప్పి, లోపల దర్జీ మామ కుట్టిన గిరాకీ గుర్తు చూశాడు. అది ఎవరిదో ఆయనకు తెలుసు. ‘మేట్’ అని తనను పిలిచినవాడు ప్రపంచంలో ఒక్కడే. చొక్కాను మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

“ఔ,” అన్నాడు. “మరకున్నది. మల్ల ఉతుకు.” స్లిప్పు మీద తేదీ ఆయనే రాశాడు.

ఎనిమిదిసార్లు ఉతికాం. యుద్ధం అయిపోయింది. బండ్లు తిరిగి రావడం మొదలైంది. వచ్చిన ప్రతి బండినీ గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళం. కొన్ని బండ్లలో సీట్లు ఖాళీగా ఉండేవి. అవి ఎవరివో అడిగే ధైర్యం మాకు లేదు.

ఒక పొద్దున నేను ప్రెస్ మీద వంగి ఉన్నాను. కౌంటరు మీద ఎవరో దబ్బున కూర్చున్న చప్పుడైంది. నా టీ గ్లాసు మాయమైంది.

చిక్కిపోయాడు. పెదాలు పగిలాయి. ముక్కు అలాగే ఊడుతోంది. బండిలో పోయిన నలుగురూ వచ్చారని నాలుగు వేళ్ళూ చాపి చూపించాడు. మామ వాడి తలను రెండు చేతుల్లో పట్టుకుని ఏదో చదివాడు. నేను మూట తెచ్చి ముందు పెట్టాను.

వాడు విప్పాడు. చొక్కా తీసి ఒంటికి పెట్టుకుని చూశాడు. చేతులు మోచేతికి కాస్త కిందనే ఆగిపోయాయి. రంగు పాలిపోయి పాత గోనెగుడ్డలా ఉంది. వాడి మొహం ఎర్రబడింది. ఇది నా చొక్కా కాదు, నా చొక్కాను ఏం చేశారు, ఫిర్యాదు చేస్తాను అని అరవడం మొదలుపెట్టాడు. టోపీకి అననివాడు చొక్కాకు అన్నాడు.

సూపర్వైజర్ సాబ్ గంభీరంగా లేచి ఫిర్యాదు కాగితం, పెన్ను తెచ్చి వాడి ముందు పెట్టాడు. దాని పక్కనే ఎనిమిది స్లిప్పులు, తేదీల వరసలో పేర్చాడు. మొదటి స్లిప్పు నుంచి చివరి స్లిప్పు దాకా వేలితో చూపించి, చివరికి ఆ వేలు నా వైపు తిప్పాడు.

వాడు స్లిప్పులు చదివాడు. రెండోసారి కూడా చదివాడు. అరుపు ఆగిపోయింది. పెన్ను తీసుకుని, కాగితంలో నష్టం అనే చోట ‘చొక్కా కుంచించుకుపోయింది’ అని రాశాడు. కారణం అనే చోట పెన్ను ఆనించి, మళ్ళీ తీశాడు. ఆ చోటు ఖాళీగా వదిలేసి, తను వేసుకున్న కొత్త చొక్కా విప్పి కౌంటరు మీద పెట్టి, ఆ పొట్టి చొక్కా తొడుక్కున్నాడు. పై గుండీలు అందలేదు. అలాగే పటాలానికి పోయాడు, అందరూ చూస్తుండగా, రోడ్డు మధ్యలో, చేతులు ఊపుకుంటూ.

సూపర్వైజర్ సాబ్ ఆఫీసుకు పంపకుండా నా చేతికే ఇచ్చిన ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మూడు దశాబ్దాల ఉద్యోగంలో నా మీద వచ్చిన ఒకే ఒక్క రాతపూర్వకమైన ఫిర్యాదు అది. ఎక్కడా నేను చేసింది తప్పని రాసి లేదు.